కార్డు ఫార్మాట్ అడుగుతోంది, నొక్కమంటారా?

ప్రశ్న: నమస్కారమండీ. పోయిన ఆదివారం మా అమ్మమ్మకి సహస్ర చంద్ర దర్శనం చేశాం. అమెరికా నుంచి మావయ్య వాళ్ళు, బెంగళూరు నుంచి పెద్దమ్మ వాళ్ళు, అందరూ వచ్చారు. ఫోటోగ్రాఫర్‌ని పెట్టుకోకుండా నా కెనాన్ 1500డి తోనే 600 పైగా ఫోటోలు, కొన్ని వీడియోలు తీశాను. కార్డు 64 జీబీ. ఆ రాత్రి పెద్దమ్మ కొడుకు (నాకు తమ్ముడు) తన ల్యాప్‌టాప్‌లోకి కట్-పేస్ట్ చేస్తూ, సగంలో ఆగిపోయిందనుకుని కార్డు లాగేశాడు. అప్పటి నుంచి కెమెరాలో పెడితే ఎర్ర్ 02 వస్తోంది. ల్యాప్‌టాప్‌లో పెడితే ఫార్మాట్ చేయమంటోంది. ఫార్మాట్ కొట్టేసి తర్వాత రికవరీ సాఫ్ట్‌వేర్ వేద్దాం అంటున్నాడు తమ్ముడు. ఊళ్లో ఒక షాపులో అడిగితే ఎనిమిది వేలు అవుతుంది, గ్యారంటీ లేదన్నారు. ఇంకో అనుమానం కూడా ఉంది. కార్డు మీద 64 అని ఉన్నా కంప్యూటర్‌లో మొదటి నుంచీ 59 అనే చూపించేది. డూప్లికేట్ కార్డేమో తెలియదు. మూడు రోజులుగా నిద్ర లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నూజివీడు

సమాధానం:

అమ్మా, ఫార్మాట్ నొక్కకండి. తమ్ముడిని కూడా నొక్కనివ్వకండి. ఆ కార్డు ఇప్పుడు ఎక్కడుందో చూసి, బయటికి తీసి, దాని ఎడమ పక్కనున్న చిన్న మీటను లాక్ వైపుకి దించి, ఓ చిన్న డబ్బాలో పెట్టండి. మిగతాది తర్వాత నిదానంగా చదవండి. మీరు రాసిందాన్ని బట్టి చూస్తే మీ ఫోటోల్లో చాలా భాగం ఇంకా అందులోనే ఉండి ఉంటాయి. కార్డు మీద కొత్తగా ఏదీ రాయనంత కాలం అవి ఎక్కడికీ పోవు.

ఇంత ధైర్యంగా ఎలా చెబుతున్నానంటే, కార్డు పని చేసే తీరు అలాంటిది. వెనకటి రోజుల్లో ఊరి పొలాలన్నిటికీ కరణం గారి దగ్గర దస్తరం ఉండేది. ఏ సర్వే నంబరు ఎవరిది, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, అన్నీ అందులోనే. ఆ దస్తరం చిరిగిపోతే గొడవలు వస్తాయి కానీ పొలం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కార్డులో కూడా అంతే. ఫోటోలు ఒకచోట ఉంటాయి, ఏ ఫోటో ఎక్కడుందో చెప్పే పట్టిక ఇంకోచోట ఉంటుంది. కట్-పేస్ట్ అంటే ఒక్కో ఫైలుని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించడం, తర్వాత కార్డు పట్టికలోంచి దాని పేరు కొట్టేయడం. ఆ కొట్టివేతలు జరుగుతుండగా కార్డు లాగేశారు కాబట్టి పట్టిక సగం రాసి, సగం చెరిపి ఉండిపోయింది. కెమెరాకి ఆ పట్టిక అర్థం కావడం లేదు, ఎర్ర్ 02 అంటోంది. ల్యాప్‌టాప్‌కీ అర్థం కావడం లేదు, కొత్త పట్టిక వేసుకుందామా అని అడుగుతోంది. ఫార్మాట్ అంటే ముఖ్యంగా అదే.

మీ తమ్ముడు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. క్విక్ ఫార్మాట్ చేస్తే పట్టికే మారుతుంది, ఫోటోలు అడుగున ఉంటాయి. కానీ పాత పట్టికలో మిగిలిన ఆ కాస్త సమాచారం కూడా పోతుంది. పైగా ఆ పెట్టెలో క్విక్ ఫార్మాట్ అన్నచోట టిక్ లేకపోతే, విండోస్ విస్టా నుంచి ఇప్పటి విండోస్ దాకా ఏదైనా సరే, కార్డు మొత్తం మీద సున్నాలు రాసుకుంటూ పోతుంది. అప్పుడు ఇంక ఎవరూ ఏమీ చేయలేరు. కెనాన్ కెమెరాల్లో ఫార్మాట్ దగ్గర కనిపించే లో లెవెల్ ఫార్మాట్ కూడా ఇప్పుడు ముట్టుకోకూడదు. ఒక్క టిక్ తేడాతో అమ్మమ్మ వేడుక మొత్తం చెరిగిపోయే పని దేనికి? అలాగే స్కాన్ చేసి ఫిక్స్ చేయమంటారా అని విండోస్ అడిగినా వద్దనండి. చెక్‌డిస్క్ కమాండ్ కొట్టమని ఎవరైనా చెప్పినా ఇప్పుడే వద్దు. అవి పట్టికను బాగుచేసే ప్రయత్నంలో కార్డు మీద రాస్తాయి, అప్పుడప్పుడు ఫోటోలను సీహెచ్‌కే అనే ముక్కలుగా మార్చి పెడతాయి.

నా అనుభవం ఒకటి చెబుతాను. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డులు వాడే రోజుల్లో ఓ పెళ్లికి వెళ్లాను. తెల్లవారుజామున ముహూర్తం. బ్యాటరీ చివరి గీతలో ఉంది. జీలకర్ర బెల్లం పెట్టించే ఘట్టం వరసగా తీసి, బ్యాటరీతోపాటు కార్డు కూడా మార్చేద్దామని తలుపు తెరిచాను. కెమెరా వెనక ఎర్ర లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. అంటే అది ఇంకా రాస్తూనే ఉంది. మళ్లీ కార్డు పెడితే ఖాళీ అని చూపించింది. మర్నాడు ఒక షాపుకి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు ఫార్మాట్ చేసి, కార్డు బాగుందో లేదో చూడడానికి గోడ మీద క్యాలెండర్‌ని పదకొండు ఫోటోలు తీశాడు. తర్వాత రికవరీ చేస్తే దాదాపు అన్ని ఫోటోలూ తిరిగి వచ్చాయి. క్యాలెండర్ ఫోటోలు ఎక్కడ కూర్చున్నాయో ఆ చోటు మాత్రం పోయింది. ఆ చోట ఉన్నవి జీలకర్ర బెల్లం ఫోటోలు. పెళ్లికూతురి నాన్నగారికి ఆ మాట చెప్పిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఫార్మాట్ కన్నా ఆ పదకొండు ఫోటోలే ఎక్కువ నష్టం చేశాయి. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను, ఆ కార్డుతో టెస్ట్ కోసం కూడా ఒక్క ఫోటో తీయకండి.

ఇప్పుడు చేయాల్సిన పనులు. ముందు తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఆ రాత్రి పేస్ట్ చేసిన ఫోల్డర్ తెరిచి చూడండి. కార్డు లాగే లోపల కొన్ని ఫోటోలు అటు చేరే ఉంటాయి. అందరూ కార్డు మీదే దృష్టి పెట్టి ఇది మర్చిపోతారు. ఉన్నవాటిని ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఎన్ని ఉన్నాయో, చివరి ఫోటో నంబరు ఎంతో రాసి పెట్టుకోండి.

తర్వాత మంచి కార్డ్ రీడర్ ఒకటి తెచ్చుకోండి. ల్యాప్‌టాప్‌కున్న స్లాట్ వదులుగా ఉంటే దాన్ని నమ్మకండి. కెమెరాని కేబుల్‌తో కలిపి చేసే ప్రయత్నం కూడా వద్దు, ఎందుకంటే రికవరీ ప్రోగ్రాంలకి కార్డు నేరుగా ఒక డ్రైవ్‌లా కనిపించాలి, కెమెరా ద్వారా అలా కనిపించదు. కార్డు అడుగున బంగారు రంగు పట్టీలు చూడండి. వేలి జిడ్డో, పసుపో, కుంకుమో అంటి ఉంటే (వేడుకల్లో తీసిన కార్డుల మీద నేను ఇది చాలాసార్లు చూశాను) మెత్తటి గుడ్డకి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తగిలించి తుడిచి, ఆరనివ్వండి. నోటితో ఊదకండి, తడి పడుతుంది.

మీట లాక్ వైపే ఉంచి కార్డుని రీడర్‌లో పెట్టండి. విండోస్ మళ్లీ ఫార్మాట్ అడుగుతుంది. క్యాన్సిల్ కొట్టండి. ఇప్పుడు తొందరపడి రికవరీ మొదలుపెట్టకుండా, కార్డు మొత్తాన్ని ఒక పెద్ద ఫైలుగా ల్యాప్‌టాప్‌లోకి దించుకోవాలి. దీన్ని ఇమేజ్ అంటారు. విన్32 డిస్క్ ఇమేజర్ లాంటి ఉచిత ప్రోగ్రాం చాలు. ల్యాప్‌టాప్‌లో 64 జీబీ ఖాళీ ఉండాలి, రీడర్ వేగాన్ని బట్టి అర్ధగంట నుంచి గంట పడుతుంది. ఆ ప్రోగ్రాంలో రీడ్, రైట్ అని రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. నొక్కాల్సింది రీడ్. పొరపాటున రైట్ నొక్కితే పని తలకిందులై కార్డు మీద రాయడం మొదలవుతుంది. లాక్ మీట దించమన్నది ఇందుకే. కానీ ఆ మీట కార్డు లోపల ఏ తీగకీ కలిసి ఉండదు. ఉత్త ప్లాస్టిక్ ముక్క అది. దాన్ని చూసి ఆగాల్సింది రీడర్. కొన్ని రీడర్లు మీటను పట్టించుకోవు. కాబట్టి లాక్ ఉంది కదా అని ధీమాగా ఉండకుండా, నొక్కే ముందు ఒకసారి పైకి చదువుకోండి.

ఇమేజ్ చేతికొచ్చాక అసలు కార్డుని తీసి మళ్లీ డబ్బాలో పెట్టేయండి. ఇక మీదట ఎన్ని ప్రయోగాలు చేసినా ఆ ఫైలు మీదే. తప్పు జరిగినా అసలుది భద్రంగా ఉంటుంది. మూడు రోజుల మీ టెన్షన్‌లో సగం ఇక్కడే తీరుతుంది.

రికవరీకి నేను వాడేది ఫోటోరెక్. క్రిస్టోఫ్ గ్రెనియే అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ రాసి ఉచితంగా ఇస్తున్నది. డబ్బు కట్టే ప్రోగ్రాంలు చాలా ఉన్నాయి, మొదట వాటి జోలికి పోనక్కర్లేదు. ఫోటోరెక్ పాడైన పట్టికను అసలు చూడదు. పాత రోజుల్లో ఉత్తరం రాసేవారు పైన శ్రీ చుట్టి మొదలుపెట్టినట్టు, ప్రతి జేపెగ్ ఫోటో కూడా ఎఫ్‌ఎఫ్ డీ8 అనే గుర్తుతోనే మొదలవుతుంది. ఫోటోరెక్ కార్డంతా మొదటి నుంచి చివరి దాకా చదువుకుంటూ పోయి, ఆ గుర్తు కనబడ్డ చోటల్లా ఒక ఫోటోను లేపి పక్కన పెడుతుంది.

డౌన్‌లోడ్ చేసిన ఫోల్డర్‌లో క్యూఫోటోరెక్ అనేది మౌస్‌తో వాడుకోవచ్చు. తెరిచి, డిస్కుల జాబితాలో రా డిస్క్ ఇమేజ్ జతచేసే చోట మీ ఇమేజ్ ఫైలు చూపించండి. కింద ఫైల్ సిస్టం అడిగినచోట ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉన్న రెండో వరస ఎంచుకోండి. ఫ్రీ, హోల్ అని రెండు ఉంటాయి, హోల్ ఎంచుకోండి. పట్టిక మీద నమ్మకం లేనప్పుడు ఖాళీ జాగా ఏది, నిండినది ఏది అని దాన్నే అడగడంలో అర్థం లేదు. ఫైల్ ఫార్మాట్స్‌లో అన్నీ తీసేసి జేపీజీ (జేపెగ్ ఫోటోలు), మోవ్ (వీడియోలు), టిఫ్ ఉంచండి. రా ఫార్మాట్‌లో (కెమెరా చూసిందంతా ఉన్నదున్నట్టు దాచే ఫైలు) కూడా తీసి ఉంటే మీ సీఆర్2 ఫైళ్లు, అంటే కెనాన్ రా ఫైళ్లు, అక్కడ టిఫ్ కిందే వస్తాయి, విడిగా వెతికితే కనబడవు. దొరికినవి పెట్టే ఫోల్డర్ ల్యాప్‌టాప్‌లోనే ఉండాలి. ఇమేజ్ తీయకుండా నేరుగా కార్డు మీద రికవరీ చేసే వాళ్లు కొందరు ఆ ఫోటోలను మళ్లీ అదే కార్డులో సేవ్ చేస్తారు. ఇంకా దొరకని ఫోటోల మీద దొరికిన ఫోటోలు పడి అవీ పోతాయి.

అయ్యాక రికప్ డిర్ అనే పేరుతో ఫోల్డర్లు కనిపిస్తాయి. ఐఎంజీ నంబర్లు ఉండవు, ఎఫ్ అక్షరం పక్కన పొడుగాటి అంకెలతో పేర్లు ఉంటాయి. కంగారు పడొద్దు, పేరు పట్టికలో ఉండేది, అది పోయింది. ఫోటో తీసిన తేదీ, సమయం మాత్రం ఫోటో లోపలే రాసి ఉంటాయి. విండోస్‌లో డేట్ టేకెన్ ప్రకారం పేర్చుకుంటే అభిషేకం దగ్గర్నుంచి భోజనాల దాకా వరసగా వస్తాయి. టీ అక్షరంతో మొదలయ్యేవి కెమెరా ప్రతి ఫోటోతో పాటు దాచే చిన్న బొమ్మలు. అవి మసకగా ఉన్నాయని బాధపడకండి, వాటి పెద్దవి పక్కనే ఉంటాయి. ఇంతకుముందు ఎప్పుడో తీసి చెరిపేసిన పాత ఫోటోలు కూడా పైకి రావచ్చు.

కొన్ని ఫోటోలు పైసగం బాగుండి కిందసగం బూడిద రంగులో వస్తే, ఆ ఫోటో కార్డులో ముక్కలుగా ఉందన్నమాట, లేదా ఒక ముక్క పాడైంది. అలాంటి వాటిని చెరిపేయకండి. రా ఫైలు అయితే దాని లోపల కెమెరా తయారుచేసిన జేపెగ్ ఒకటి ఉంటుంది, అదైనా దక్కవచ్చు.

వీడియోల విషయంలో అంత ఆశ పెట్టలేను. పెద్ద ఫైళ్లు కావడంతో ముక్కలుగా పడి ఉండే అవకాశం ఎక్కువ. ఫోటోరెక్ తీసిన వీడియో తెరుచుకోకపోతే అన్‌ట్రంక్ అనే మరో ఉచిత ప్రోగ్రాం ఉంది. దానికి అదే కెమెరాతో, అదే సెట్టింగుల్లో తీసిన బాగున్న వీడియో ఒకటి నమూనాగా ఇవ్వాలి. ఆ నమూనా కోసం తీసే వీడియో వేరే కార్డులో తీయండి. ఈ మాట చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు కానీ, పాత కార్డులోనే తీసినవాళ్లు ఉన్నారు.

ఎనిమిది వేల సంగతి. కార్డు రీడర్‌లో పెట్టగానే ల్యాప్‌టాప్ ఫార్మాట్ అడుగుతోందంటే, కార్డు లోపలి కంట్రోలర్ (కార్డుని నడిపే చిన్న చిప్) బతికే ఉంది, మాట్లాడుతోంది అని అర్థం. ఈ స్థితిలో షాపువాళ్లు చేసేది కూడా మామూలుగా పైన రాసిన పనే. దానికి అంత ఇవ్వనక్కర్లేదు. రెండు మూడు రీడర్లు మార్చినా కార్డు అసలు గుర్తు పట్టకపోయినా, పెట్టగానే వేడెక్కినా, సైజు సున్నా అని చూపించినా అప్పుడు సాఫ్ట్‌వేర్ ఏమీ చేయలేదు. చిప్ దాకా వెళ్లి చదివే ల్యాబ్‌కి ఇవ్వాలి, అది ఖర్చుతో కూడిన పనే. ఇచ్చేటప్పుడు ముందుగా దొరికిన ఫోటోలు చూపించాకే డబ్బు అని మాట్లాడుకోండి. కార్డు మీద ఏమీ రాయొద్దని చీటీ మీద రాసి ఇవ్వండి.

మీ 59 జీబీ అనుమానానికి వస్తాను. అది మోసం కాదు. కార్డు తయారుచేసేవాళ్లు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అని లెక్కేస్తారు. విండోస్ 107 కోట్ల పైచిలుకు బైట్లను ఒక జీబీ అంటుంది. 64ని ఆ లెక్కన మారిస్తే 59.6 వస్తుంది. నిజానికి డూప్లికేట్ కార్డు కూడా 59 అనే చూపించి మోసం చేస్తుంది. లోపల ఉండేది 8 జీబీయో 16 జీబీయో, కంట్రోలర్‌కి మాత్రం 64 అని చెప్పమని నేర్పుతారు. మొదట తీసినవి బాగానే ఉంటాయి, లోపలి జాగా నిండాక తీసినవన్నీ తెరుచుకోవు. మీరు తీసిన 600 జేపెగ్‌లు ఐదారు జీబీ మించవు కనుక మీ కార్డు గురించి ఇంకా ఏమీ తేల్చలేం. ఫోటోలన్నీ చేతికొచ్చి, రెండు చోట్ల దాచాక, కార్డుని ఫార్మాట్ చేసి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాంతో పరీక్షించండి. కార్డు నిండా రాసి, రాసిందంతా తిరిగి చదివి, తప్పులుంటే చెబుతుంది. అది రాసే పరీక్ష, ఇప్పుడు చేశారో మిగిలినవి కూడా పోతాయి. పరీక్షలో ఒక్క తప్పు వచ్చినా ఆ కార్డుని కత్తెరతో కత్తిరించి పారేయండి, లేకపోతే ఎవరో ఒకరు మళ్లీ వాడతారు. తప్పు రాకపోయినా ముఖ్యమైన వేడుకలకి ఆ కార్డు వాడొద్దని నా సలహా. 1500డిలో ఒక్కటే స్లాట్ ఉంటుంది, రెండో కార్డులోకి ఏకకాలంలో రాసే వీలు లేదు. అందుకని ఒక్క 64 జీబీ కన్నా రెండు 32 జీబీ కార్డులు పెట్టుకుని, మధ్యాహ్నం ఒకటి మార్చేయడం మంచిది.

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కార్డు గురించే మరికొన్ని ఉన్నాయి, ఇక్కడే చెప్పేస్తాను. కార్డు లాక్ అయిందని చూపిస్తూ ఉంటే ఆ పక్క మీట వదులై జారుతోందేమో చూడండి. మీట ఊడిపోయినచోట చిన్న సెల్లోటేప్ ముక్క పలచగా అంటిస్తే కార్డులోని ఫోటోలు తీసుకునేంతవరకు పనికొస్తుంది, తర్వాత కొత్తది కొనండి. పాత కెమెరా 64 జీబీ కార్డుని గుర్తించకపోతే అది కార్డు తప్పు కాదు. 32 జీబీ దాటినవన్నీ 2009లో వచ్చిన ఎస్‌డీఎక్స్‌సీ రకం, అంతకుముందు కెమెరాలకి 32 లోపు కార్డే పెట్టాలి. ఫోన్‌లో వాడే మైక్రో ఎస్‌డీని అడాప్టర్‌లో పెట్టి వాడేవాళ్లకి ఎర్రర్ వస్తే, ముందు అడాప్టర్ మార్చి చూడండి, చాలాసార్లు తప్పు దానిదే. నికాన్‌లో సీహెచ్ఏ అని మెరిస్తే అది కూడా కార్డు తేడా సంకేతమే. కంప్యూటర్‌లో డీసీఐఎం (కార్డులో కెమెరా ఫోటోలు పెట్టే ఫోల్డర్) లోపలి ఫోల్డర్ల పేర్లు తెలుగులోకో, తేదీల్లోకో మార్చి మళ్లీ కెమెరాలో పెట్టేవాళ్లకి ఫోటోలు లేవనే చూపిస్తుంది, పాత పేరు పెడితే మళ్లీ కనిపిస్తాయి. వీడియో రికార్డింగ్ దానంతటదే ఆగిపోతుంటే కార్డు వేగం చాలట్లేదేమో చూడండి. కార్డు మీద పెద్దగా రాసే సెకనుకి 170 ఎంబీ లాంటిది చదివే వేగం. మీరు చూడాల్సింది చిన్న యూ గుర్తులో ఉన్న అంకె. 3 ఉంటే కనీసం సెకనుకి 30 ఎంబీ రాయగలదు, 1 ఉంటే 10.

తమ్ముడిని ఏమీ అనకండి. కట్-పేస్ట్ చేయడం మన ఇళ్లలో అందరికీ ఉన్న అలవాటే. ఇకనుంచి కార్డు నుంచి ఎప్పుడూ కాపీనే చేయండి, కట్ వద్దు. కాపీ అయ్యాక ఫోటోలు తెరిచి చూసుకుని, ఎజెక్ట్ చేసి తీసి, రెండోచోట కూడా దాచాక, కార్డుని కెమెరాలోనే ఫార్మాట్ చేసుకోండి.

ఇమేజ్ తీస్తున్నప్పుడు ఎర్రర్ వచ్చి మధ్యలో ఆగిపోతే అక్కడితో ఆపేసి నాకు రాయండి. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే ఆ కార్డు పక్కన ఒక సైజు కనిపిస్తుంది. అది 59 అని ఉందా, సున్నా ఉందా, అసలు లేదా, ఆ ఒక్క ముక్క ఉత్తరంలో తప్పక రాయండి. ఎంత శాతం దగ్గర ఆగిందో కూడా చెప్పండి.